ఒక బండికి రెండు జతలు

ఇటు జరగండి, ఇంకాస్త జరగండి, గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా లేచి రండి. ఆ ఫోన్లో మాట్లాడే ఆయన, అవతలివాళ్ళకి మళ్ళీ చేస్తానని చెప్పి దాన్ని జేబులో పడెయ్యండి. ఇక నోళ్ళు. అన్నీ మూతపడాలి, నాది తప్ప. ఇది ఒక పాత పికప్ బండి సంగతి. బండి సంగతేగా అని ఆవలించకండి. ఇందులో ఒక తల్లి ఉంది, ఆవిడ తుంటి ఎముక ఉంది, ఇద్దరు కొడుకులున్నారు. ఆ ఇద్దరి బుర్రలూ కలిపి తూస్తే ఒక గుడ్డు బరువుకి కూడా తూగవు.

బండి ఎంత పాతదంటే, దాని అసలు రంగేంటో ఇంట్లోవాళ్ళకే తెలీదు. ఎరుపని పెద్దోడు, నీలమని చిన్నోడు. రంగు చెప్పగలిగిన మనిషి వాళ్ళ నాన్న, ఆయన పోయాడు. పోతూ రెండు గదుల ఇల్లు వదిలాడు, తలా ఒక గది వచ్చింది. తల్లి మంచం రెంటికీ మధ్య వరండాలో పడింది. మిగిలింది బండి. బండి ఒక్కటే. దాన్నెలా పంచుతారు?

పంచారు. ముందు అద్దం నడిమి నించి వెనక తలుపు నడిమి దాకా తెల్ల రంగుతో గీత గీశారు. ఎడం పక్క పెద్దోడిది, కుడి పక్క చిన్నోడిది. స్టీరింగు ఉమ్మడి. పొద్దున చిన్నోడు గుడ్ల అట్టలు వేసుకుని కొట్లకి తిప్పుతాడు, మధ్యాహ్నం నించి పెద్దోడు ఇళ్ళలో నేలకి పరిచే రాతి పలకలు తోలతాడు. ఎవడి పక్క వాడే కడుక్కుంటాడు. చిన్నోడు బద్ధకించిన రోజు బండి సగం పెళ్ళికొడుకులా, సగం బురదలో దొర్లిన దున్నలా ఉండేది. ఒకడు రెండోవాడి పక్కకి వెళ్ళడు సరికదా, అటు కన్నెత్తి కూడా చూడడు. ఎదురుగా వస్తే తల వేరే వైపు తిప్పుకునేవాళ్ళు. అలా తిప్పీ తిప్పీ పెద్దోడి మెడ ఒక వైపుకే ఉండిపోయిందని మంగలాయన ఒట్టేసి చెప్పాడు.

వాళ్ళమ్మ రోజూ చిన్నోడితో గుడ్ల వెంట వెళ్ళేది, అట్టలు జారకుండా పట్టుకోడానికి. మొగుడున్నప్పుడు ముందు సీట్లో దర్జాగా కూర్చునేది. ఇప్పుడా సీటు ఎడం పక్కది, అంటే పెద్దోడిది. అందులో కూర్చుంటే చిన్నోడు మూతి ముడుస్తాడు. కూర్చోకపోతే, నా సీటు నీకు పనికిరాలేదా అని పెద్దోడు మూతి ముడుస్తాడు. అందుకని ఆవిడ వెనక, సరిగ్గా ఆ తెల్ల గీత మీద గోనెపట్టా వేసుకుని కూర్చునేది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు.

ఒక పొద్దున పెద్దకోడలు వాకిలి చిమ్ముతోంది, చిన్నకోడలు నీళ్ళు మోస్తోంది, చిన్నోడు అట్టలు సర్దుతున్నాడు. అప్పుడు ఆ వీధి మెకానిక్కు అటుగా వచ్చాడు. గ్రీజు తాత అంటారు, స్నానం చేసినా నల్లగానే ఉంటాడు. ముసలామెని చెల్లెమ్మా అని పిలుస్తాడు. ఊరికే పలకరించి పోకుండా, అలవాటు కొద్దీ బండి వెనక మూల మీద రెండు చేతులూ ఆనించి నొక్కి వదిలాడు. మంచి బండైతే ఒకసారి లేచి నిలబడాలి. ఇది లేచింది, దిగింది, లేచింది, దిగింది. తాత బీడీ వెలిగించుకుని సగం కాల్చినా ఇంకా ఊగుతూనే ఉంది.

వంగి కిందకి చూశాడు. గుంతలో పడ్డ బండి ఎగరకుండా ఆ ఊపుని మింగే గొట్టాలుంటాయి కదా, షాకులంటారు, వెనక రెండూ నూనె కారి చచ్చిపోయున్నాయి. మార్చాలన్నాడు. "రెండూ ఒకేసారి మార్చండి. రెండూ ఒకే రకం వెయ్యండి. అంతకంటే నాకేం తెలీదు," అన్నాడు. నిజానికి ఇంకెవరికీ అంతకంటే తెలియక్కర్లేదు.

అన్నదమ్ములిద్దరూ సామాన్ల కొట్టుకెళ్ళారు, రోడ్డుకి ఒకడు ఆ చివరా ఒకడు ఈ చివరా నడుస్తూ. కొట్టాయన రెండు జతలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లగా లావుగా ఉంది, గట్టి రకం. ఇంకోటి సన్నగా ఉంది, మెత్త రకం. బండి మీద ఏం వేస్తారని అడిగాడు. రాళ్ళని ఒకడు, గుడ్లని ఒకడు, ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, గట్టివి వేస్తే బరువు లేనప్పుడు బండి తన్నుద్ది, గుడ్లు ఉండవు, మెత్తవి వేస్తే రాళ్ళతో బండి ఈతకొడుద్ది, అడుగు నేలకి తగులుద్ది అని చెప్పాడు. చెప్పి, లోపలికెళ్ళి మూడో జత తెచ్చాడు. నడిమి రకం. గుడ్లకీ సరిపోతాయి, రాళ్ళకీ సరిపోతాయి, కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండన్నాడు.

పట్టుకెళ్ళుంటే ఈ కథ లేదు, మీరూ ఈపాటికి ఇళ్ళల్లో ఉండేవాళ్ళు.

నడిమివి ఒప్పుకుంటే సగం ఓడిపోయినట్టు కదా. వాడు సగం ఓడినా సరే నేను సగం ఓడనని ఇద్దరూ ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు. వచ్చి తల్లిని నిలదీశారు, నువ్వే తేల్చమని. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తలేదు.

"నాకేం తెలుసురా. ఏవైనా వేసుకోండి. జత మాత్రం విడదియ్యకండి."

అమ్మ చిన్నోడికి వత్తాసు పలికిందని పెద్దోడు అన్నం తినకుండా లేచాడు. అమ్మ పెద్దోడి మాటే మాట్లాడిందని చిన్నోడు కంచం తోసేశాడు. ఆవిడ ఏరిన రాళ్ళు చేతిలో పెట్టుకుని ఇద్దరి గదుల వైపూ చూసి, వాటిని పెరట్లో పారబోసొచ్చింది.

మర్నాడు పెద్దోడు వేరేగా వెళ్ళి, నా పక్కకి ఒక్క గట్టి షాకు ఇమ్మన్నాడు. విడిగా అమ్మనన్నాడు కొట్టాయన. అయితే జతే ఇమ్మన్నాడు. వాడు బయటికి వచ్చిన తలుపులోంచే చిన్నోడు లోపలికెళ్ళి ఒక జత మెత్తవి కొన్నాడు. తాతని బిగించమంటే, ఎడమ కాలికి బూటు, కుడి కాలికి చెప్పు తొడిగి మనిషిని పరిగెత్తించమంటే నేను తొడగనని గుమ్మం ఎక్కనియ్యలేదు. పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు, అంతే కదా అని ఎవడి పక్క వాడు బిగించుకున్నాడు. ఎడం పక్క గట్టిది, కుడి పక్క మెత్తది. మిగిలిన గట్టిది పెద్దోడి మంచం కింద, మిగిలిన మెత్తది చిన్నోడి మంచం కింద. చూడండి, ఒక ఇంట్లో రెండు నిండు జతలున్నాయి, బండికి మాత్రం జత లేదు.

ఇక ఆ బండి నడక చూడాలి. నిలబడితే మామూలుగానే ఉండేది. కదిలితే మాత్రం ప్రతి గుంతకీ కుడి పక్క కిందికి దిగిపోయేది, ఎడం పక్క ఎగిరి తన్నేది. దూరం నించి చూసేవాళ్ళకి వంగి దణ్ణం పెడుతున్నట్టుండేది. కొత్తగా ఆ వీధిలోకొచ్చిన ఒక పెద్దమనిషి, ఎంత మర్యాదైన బండో అని తిరిగి దణ్ణం పెట్టాడు. వెనక తలుపు మీద వాలిన కాకి ఒకటి ఎడం పక్క తన్నుకి పైకెగిరింది, అది కిందికి దిగేసరికి దాని పిల్లలకి రెక్కలొచ్చేశాయి.

నవ్వండి, పర్లేదు. ఆ వీధి కూడా నవ్వింది. కానీ ఆ తెల్ల గీత మీద ఒక మనిషి కూర్చునుందని ఎవరికీ గుర్తు లేదు. ఒక పక్క నించి తన్ను, ఒక పక్క నించి లాగుడు. ఆవిడ నడుముకి తువ్వాలు బిగించి కట్టుకునేది. కోడళ్ళు చూశారు, ఎవరి మొగుడికి వాళ్ళు చెప్పారు. అమ్మకి తగిలేది వాడి రాళ్ళ పక్క దెబ్బ, పోయి వాడికి చెప్పమన్నాడు చిన్నోడు. నా పక్క గట్టిగానే ఉంది, ఊగేది వాడి పక్కేనన్నాడు పెద్దోడు. ఆ నడుము ఎవరి వాటాలోనూ రాలేదు.

తర్వాత ఒక రోజు పెద్దోడు సాయంత్రం రాళ్ళు కొన్ని దించకుండా ఎడం పక్కే వదిలేశాడు. పొద్దున చిన్నోడు చూశాడు. అవి తన పక్క కాదు. కుడి పక్క అట్టలు పేర్చుకుని, అమ్మని గీత మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. బడి దగ్గర రోడ్డుకి అడ్డంగా ఉన్న దిమ్మ ఎక్కీ ఎక్కగానే రాళ్ళు ఒక్కసారి లేచి పడ్డాయి, అట్టలు కుడికి ఒరిగాయి, ఆవిడ అట్టల్ని పట్టుకోబోయింది. అట్టలు నిలిచాయి. ఆవిడ వెనక తలుపు మీదుగా రోడ్డు మీద పడింది.

తుంటి విరిగింది. లోపల కడ్డీ వేసి బిగించారు. ఆపరేషనైన మర్నాడు, ఆవిడ మంచానికి నాలుగడుగుల దూరంలో, తలుపు బయట, అన్నదమ్ములిద్దరూ చెరో గోడ వైపు చూస్తూ నోళ్ళు విప్పారు. మాట్లాడుకోక ఎన్నాళ్ళైందో, మాట్లాడుకున్న మొదటి మాట ఏంటో వినండి.

"అమ్మ నీ పక్క నించి పడింది," అన్నాడు పెద్దోడు.

"నీ రాళ్ళు తన్నితే పడింది. నీ పక్క నించే."

"తోలింది నువ్వు."

"తన్నింది నువ్వు."

ఎవడి పక్క నించి పడితే వాడు మొయ్యాలి, మంచం పట్టిన మనిషికి వాడి పెళ్ళాం చెయ్యాలి, అదీ లెక్క. పడింది చూసిన బడి కాపలావాణ్ణి పిలిచి సాక్ష్యం కూడా అడిగారు. ఆయన పాపం చాలాసేపు ఆలోచించి, సరిగ్గా మధ్యలోంచే పడిందండీ, గీత మీంచే పడిందండీ అన్నాడు. దాంతో అన్నదమ్ములిద్దరికీ ఊపిరి తిరిగింది. అమ్మ ఎవరి వంతూ కాదు.

తలుపు మూసి లేదు. ఆవిడ అంతా విన్నది.

పంపించే రోజు దగ్గరపడ్డాక డాక్టరమ్మ కొడుకుల్ని పిలిచి గట్టిగా చెప్పింది. ఎముక ఇంకా అతకలేదు, దారిలో కుదుపు తగిలి కడ్డీ కదిలిందా, ఇక ఆవిడ జన్మలో నిలబడదు, పడుకోబెట్టి తీసుకెళ్ళే ఆస్పత్రి బండి మాట్లాడుకోండి అని. కొడుకులు సరేనన్నారు. తల్లి వద్దంది.

"నా బండిలోనే వస్తాను. మీరు దాన్నెలా తయారుచేశారో అలాగే, అందులోనే తీసుకెళ్ళండి."

నర్సు చెప్పింది, కోడళ్ళు కాళ్ళు పట్టుకున్నారు. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. అది మొండితనం కాదు, కోపం. ఇంతకాలం ఆవిడ కోపగించుకోగా ఎవరూ చూళ్ళేదు కాబట్టి ఎవరికీ పోల్చుకోవడం రాలేదు.

ఇక్కడ అన్నదమ్ములిద్దరికీ బుద్ధొచ్చింది. వచ్చిందిగానీ విడివిడిగా వచ్చింది. అదే కొంప ముంచింది.

పంపించే ముందు రోజు సాయంత్రం పెద్దోడు పని నించి వచ్చి, తమ్ముడు లేని సమయం చూసి చిన్నకోడల్ని పిలిచాడు. మీ మంచం కింద మెత్తది ఉందిగా, ఇయ్యమ్మా అన్నాడు. ఆ పిల్ల మారు మాట్లాడకుండా ఇచ్చింది. బావగారి కళ్ళల్లో నీళ్ళు చూసి, మొగుడికి చెప్పాలన్న సంగతే మర్చిపోయింది. పెద్దోడు తన ఎడం పక్క గట్టిది విప్పేసి మెత్తది బిగించాడు. రాళ్ళ పని పోతే పోయిందనుకున్నాడు. చేతులు కడుక్కుని పడుకున్నాడు.

తెల్లారుతుండగా చిన్నోడు లేచాడు. వదిన వాకిట్లో ఉంది. మీ మంచం కింద గట్టిది ఉందిగా వదినా, ఇవ్వు అన్నాడు. అన్నయ్య ఎలాగూ తన గట్టిది తియ్యడు, కనీసం నేను మారిస్తే జతన్నా కలుస్తుంది, గుడ్లు పగిలితే పగిలాయి అనుకున్నాడు. సాయంత్రం మొగుడేం బిగించాడో ఆవిడకి తెలీదు, ఇచ్చింది. వాడు తన కుడి పక్క మెత్తది విప్పేసి గట్టిది బిగించాడు. మరి ఎడం పక్క చూడలేదా అంటారేమో. చూడలేదు. వాడి పక్క కాదుగా.

అలా ఇద్దరూ మంచి మనసుతో, ఒకడి కోసం ఒకడు తగ్గి, బండిని తిరగేశారు.

దారిలో గుంతలన్నీ తప్పించుకొచ్చారుగానీ, ఆస్పత్రి గేటు దగ్గర చిన్న దిమ్మ ఉంది. చిన్నోడు తోలుతున్నాడు, పెద్దోడు తన సీట్లో కూర్చున్నాడు. బండి దిమ్మ ఎక్కి దిగి, మర్యాదగా వంగి దణ్ణం పెట్టింది. ఎడం పక్కకి. ఎప్పుడూ కుడి పక్కకి వంగే బండి. ఇద్దరి మొహాల్లో నెత్తురు లేదు.

తాత అప్పటికే అక్కడున్నాడు, చెల్లెమ్మని సాగనంపడానికొచ్చి. ఒక మూల నొక్కి చూశాడు, రెండో మూల నొక్కి చూశాడు. కిందకి వంగి చూశాడు. లేచి, ఇవి ఎప్పుడు మార్చారని అడిగాడు.

"నిన్న సాయంత్రం మీ ఆవిణ్ణడిగి నేను మెత్తది వేశాను," అన్నాడు పెద్దోడు. "అమ్మకి కుదుపు తగలకూడదని."

"ఇందాక వదిన్నడిగి నేను గట్టిది వేశాను," అన్నాడు చిన్నోడు. "నువ్వు మార్చవనుకున్నా అన్నయ్యా."

"నా పక్క చూడలేదేంట్రా?"

"నువ్వు నా పక్క ఎప్పుడన్నా చూశావా?"

అప్పటికే ఆవిణ్ణి చక్రాల మంచం మీద బయటికి తీసుకొచ్చారు. ఆవిడ అంతా విని నవ్వింది. ఆ నవ్వు మీరు వినుంటే మీ ఇంటికెళ్ళి మీ అన్నకో తమ్ముడికో ఈ పూటే ఫోన్ చేస్తారు. నవ్వి నవ్వి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"కోడళ్ళని అడిగారు. ఎవడి మంచం కింద ఏముందో ఇద్దరికీ తెలుసు. పక్క గదిలో ఉన్నవాణ్ణి, ఏరా అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా?"

చిన్నోడు ఇంటికి పరిగెత్తి రెండోది పట్టుకొస్తానన్నాడు. వద్దంది. పెద్దోడు ఆస్పత్రి బండి పిలుస్తానన్నాడు. వద్దంది. స్టీరింగు మాత్రం ఈ గ్రీజు అన్నయ్యకివ్వండి, మీరిద్దరూ నాతో వెనక కూర్చోండి అని కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ పైన ఆపరేషన్లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ముగ్గుర్నీ కొట్టి పంపేది.

ఏం చెయ్యాలో పెద్దోడికే తట్టింది. పరుపు కింద దుప్పటి రెండు మడతలేసి పరిచారు. ఒకడు ఒక పక్క, ఇంకోడు ఇంకో పక్క మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి అంచులు మణికట్లకి చుట్టుకుని, పరుపుతో సహా తల్లిని బండి అడుగుకి జానెడెత్తున లేపి పట్టుకున్నారు. పెద్దోడు అలవాటుగా ఎడం పక్కకి చేరాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది.

"మారండి. వాడి పక్క నువ్వు, నీ పక్క వాడు."

మారారు. తాత బండి కదిపాడు, పెళ్ళిలో నీళ్ళ బిందె మోసేవాడిలా. అయినా రోడ్డు రోడ్డే. మొదటి గుంతకే కుడి పక్క ఎగిరి పెద్దోడి మోకాళ్ళని తన్నింది. అది వాడు ఏరి కోరి కొన్న గట్టిదే. ఎడం పక్క చిన్నోణ్ణి కిందికి లాగేసింది. అది వాడు కొన్న మెత్తదే. ఒకడు చేతులు దించుతుంటే ఒకడు ఎత్తాలి, పరుపు మాత్రం కదలకూడదు. కళ్ళల్లోకి చూసుకోకుండా అది కుదరదు. అన్నాళ్ళ తర్వాత చూసుకున్నారు. పెద్దోడి మెడ టక్కుమని చప్పుడు చేసి తిన్నగా అయిందంటారు.

"ఇదేరా రోజూ నా నడుముకి తగిలింది," అంది ఆవిడ. "తెలుస్తోందా?"

దుప్పటి పెద్దోడి మణికట్టుని కోసి ఎర్రగా గాడి పడింది. అమ్మా, నొప్పి పెడుతోందా అని చిన్నోడు ఆవిణ్ణి అడిగాడు.

"నాకు లేదు. మీకు పెడితే పెట్టనివ్వండి. నేను పోయాక ఎలాగూ మోస్తారు. అప్పుడన్నా ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం పెట్టి మొయ్యకండి. గీత మీద కూర్చుని కూర్చుని విసిగిపోయానురా. పోయేటప్పుడన్నా తిన్నగా పోనివ్వండి."

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. ఆ కన్నీళ్ళు తల్లి మీద, ఆ తెల్ల గీతకి రెండు వైపులా పడ్డాయి. ఆవిడ మొహం మీద పడ్డవాటిని ఆవిడా తుడుచుకోలేదు. క్షమించిందో లేదో నాకు తెలీదు. రెండు చేతులూ చాపి, చెరొకడి మోకాలి మీదా పెట్టింది, అంతవరకు చూసినవాళ్ళున్నారు. ఎముక అతికాక కర్ర పట్టుకుని నడిచింది. బండి మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

ఆ రోజు దారిలో నాలుగు రోడ్ల కూడలి దగ్గర తాత బండి ఆపాల్సొచ్చింది, ముందు జనం ఉన్నారు. పెద్దోడు ముక్కు భుజానికి రాసుకుని, ఇంటికెళ్ళగానే రెండు పక్కలా మెత్తవే వేసేద్దాంరా, నీ గుడ్లు పగలకూడదు అన్నాడు. వద్దన్నయ్యా, గట్టివే వేద్దాం, నీ రాళ్ళ పని ఆగితే ఎలా అన్నాడు చిన్నోడు. పెద్దోణ్ణి నేను చెప్తున్నా, మెత్తవే. నీకేం తెలుసు, గట్టివే. గొంతులు లేచాయి, పరుపు ఊగింది. ఆ అరుపులకి వీధంతా ఆగి చూస్తుంటే, మళ్ళీ మొదలెట్టారా అని ఆవిడ కళ్ళు తెరిచింది. ఆ నడిమి రకం కొనండ్రా వెధవల్లారా అని ముందు నించి తాత అరిచాడు.

కూడలిలో సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒకాయన ఇదంతా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అడుగుకి ఆనకుండా గాల్లో ఉన్న పరుపు చూశాడు, పట్టుకున్న ఇద్దరి తడి మొహాలూ చూశాడు, వంగి బండి కిందకి కూడా చూశాడు. చూసి, సైకిలు స్టాండు వేసి, దగ్గరికొచ్చి తాతని చాలా మర్యాదగా అడిగాడు:

"షాకులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. ఇవి ఏడవకుండా ఉండే రకం కూడా దొరుకుతుందా, లేక ఇదొక్కటేనా?"